మన మందుల కౌంటరు, సర్కారు ప్రయోగశాల

ప్రతి శుక్రవారం జుమా నమాజు తరువాత మన సొసైటీ ఆఫీసు వరండాలో తెరిచే మందుల కౌంటరు సంగతి దాతలందరికీ తెలుసు. షుగరు, బీపీ, ఆయాసం, కీళ్ళ నొప్పులు. వచ్చేవాళ్ళలో ఎక్కువమందివి ఇవే జబ్బులు. డాక్టరు గారు రాసిన చీటీ చూసి నెలకు సరిపడా మాత్రలు ఇస్తాం. ఈ ఏడాది ఆడిట్ కోసం ఆ బిల్లులు సర్దుతున్నప్పుడు మా కార్యవర్గంలో ఒకరు అడిగారు: "ఇంతమందికి ఇస్తున్నాం గదా, ఖర్చు ఇంతేనా అయింది?" మా కోశాధికారి "టోకున కొంటున్నాం, జనరిక్ కొంటున్నాం" అన్నారు. మాట నిజమే. మరి జనరిక్ మందు మన దేశంలో ఇంత చవకగా ఎందుకు దొరుకుతోంది?

ఆ ప్రశ్న పట్టుకుని మేము దొరికిన పుస్తకాలూ నివేదికలూ చదివాం, మందుల కంపెనీల్లో పని చేసి రిటైరైన పెద్దలను అడిగాం. తెలిసిందేమిటంటే, మనం ఇచ్చే మాత్రకు మనకంటే ముందే ఇంకొకరు డబ్బు కట్టి ఉన్నారు. కట్టింది ప్రభుత్వం. అదీ అరవై, డెబ్బై ఏళ్ళ కిందట. ఆ కథ కొంచెం వివరంగా దాతల ముందు పెడుతున్నాం. చివర ఒక ప్రతిపాదన కూడా ఉంది కనుక ఓపికగా చదవమని మనవి.

మందు అపురూపమైన రోజులు

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో ముఖ్యమైన మందులు దాదాపు అన్నీ విదేశీ కంపెనీల చేతుల్లోనే ఉండేవి. మందును వాళ్ళు తమ దేశంలో తయారు చేసి తెచ్చి ఇక్కడ సీసాల్లో పోసి అమ్మేవారు. చట్టం కూడా వాళ్ళ పక్షమే. బ్రిటిష్ పాలకులు 1911లో చేసిన పేటెంటు చట్టం ప్రకారం ఒక మందు మీద పేటెంటు ఉంటే, ఆ మందును ఏ పద్ధతిలోనైనా సరే మరొకరు తయారు చేయడానికి వీల్లేదు. ధర వాళ్ళు చెప్పిందే. 1950ల చివర అమెరికా సెనేట్‌లో కెఫావర్ అనే సభ్యుడి అధ్యక్షతన మందుల ధరల మీద విచారణ జరిగింది. ప్రపంచంలో మందుల ధరలు అత్యధికంగా ఉన్న దేశాల్లో భారతదేశం ఒకటని ఆ కమిటీయే తేల్చింది. అప్పటికి మనది ఎంత పేద దేశమో తలచుకుంటే ఆ మాట బరువు తెలుస్తుంది. టైఫాయిడ్‌కు, క్షయకు మందు ఉందని తెలిసి కూడా కొనలేక పిల్లలను పోగొట్టుకున్న ఇళ్ళు మన పెద్దల జ్ఞాపకాల్లో ఉన్నాయి.

అప్పుడు ప్రభుత్వం చేసిన పనులు మూడు. ఫ్యాక్టరీలు కట్టింది, ప్రయోగశాలలు పెట్టింది, చట్టం మార్చింది. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగతా రెండూ వృథా అయ్యేవని మా అభిప్రాయం.

ఫ్యాక్టరీల్లో మొదటిది పుణె దగ్గర పింప్రీలో 1954లో పెట్టిన హిందుస్థాన్ యాంటీబయాటిక్స్. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ సాయంతో అక్కడ పెన్సిలిన్ తయారీ మొదలైంది. తరువాత 1961లో సోవియట్ యూనియన్ సాంకేతిక సాయంతో ఐడీపీఎల్ ఏర్పడింది. దానికి మూడు ఫ్యాక్టరీలు: రిషీకేశ్‌లో యాంటీబయాటిక్స్‌కు, మద్రాసులో శస్త్రచికిత్స పరికరాలకు, మన హైదరాబాదులో బాలానగర్ దగ్గర రసాయన మందులకు. సిటీ బస్సుల మీద 'ఐడీపీఎల్' అనే పేరు చూడని హైదరాబాదీ ఉండడు. ఆ ఊరి మందుల పరిశ్రమకు తల్లివేరు అదేనని మాత్రం చాలామందికి తెలియదు.

ప్రయోగశాలల కథ ఇంకా వెనక నుంచి మొదలవుతుంది. దేశమంతటికీ సంబంధించిన సీఎస్ఐఆర్ అనే పరిశోధనా మండలి 1942లో శాంతి స్వరూప్ భట్నాగర్ నాయకత్వంలో ఏర్పడింది. ఆ మండలి పాలకవర్గంలో ఏళ్ళ తరబడి కూర్చున్నవారిలో డాక్టర్ ఖ్వాజా అబ్దుల్ హమీద్ ఒకరు. అలీగఢ్‌లో పుట్టి, బెర్లిన్‌లో రసాయన శాస్త్రం చదివి, 1935లో బొంబాయిలో సిప్లా కంపెనీని స్థాపించిన మనిషి ఆయన. సొంత కంపెనీ ఉన్నవాడు ప్రభుత్వ పరిశోధన కోసం ఎందుకు పాటుపడ్డారంటే, పునాది పరిశోధన ఒక్క కంపెనీ వల్ల అయ్యే పని కాదని ఆయనకు తెలుసు కాబట్టి.

హైదరాబాదులో నిజాం ప్రభుత్వం 1944లోనే శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనల కోసం కేంద్ర ప్రయోగశాలలను నెలకొల్పింది. సంస్థానం భారతదేశంలో కలిసిన 1948లోనే డాక్టర్ సయ్యద్ హుసేన్ జహీర్ దానికి డైరెక్టరయ్యారు. ప్రముఖ ఉర్దూ రచయిత సజ్జాద్ జహీర్‌కు ఈయన అన్నగారు. సంస్థానం పోయింది, పాలన మారింది, ఊరంతా అయోమయంలో ఉంది. అలాంటి రోజుల్లో ఆయన ఆ ప్రయోగశాలను నిలబెట్టారు. 1956లో సీఎస్ఐఆర్ దానిని తన కిందకు తీసుకుని రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీ అని పేరు పెట్టింది. ఇవాళ తార్నాకలో ఉన్న ఐఐసీటీ అదే. జహీర్ గారు 1962లో సీఎస్ఐఆర్ మొత్తానికీ అధిపతిగా ఢిల్లీ వెళ్ళారు. ఆయన చేరదీసిన యువ శాస్త్రవేత్తల్లో పి.ఎం. భార్గవ ఒకరు. ఆ ప్రయోగశాలలోని జీవరసాయన విభాగమే పెరిగి పెద్దదై, భార్గవ చేతుల మీదుగా సీసీఎంబీ అనే వేరే సంస్థగా మారింది. నిజాం ఖజానా నుంచి పెట్టిన సొమ్ము, ఢిల్లీ ఖజానా నుంచి పెట్టిన సొమ్ము ఒకే చెట్టుకు నీళ్ళయ్యాయి.

ఇక్కడ మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ పేరు చెప్పకుండా ముందుకు పోలేం. ఆయన తొలి విద్యామంత్రి అని అందరికీ తెలుసు. విద్యతో పాటు శాస్త్ర పరిశోధన శాఖ కూడా ఆయన చేతిలో ఉండేదని చాలామందికి తెలియదు. మొదటి ఐఐటీని 1951లో ఖరగ్‌పూర్‌లో ప్రారంభించింది ఆయనే. సంప్రదాయ దీనీ విద్యలో పెరిగిన ఆలిమ్, అరబ్బీ ఫారసీల్లో పండితుడు, పరిశోధనశాలల పద్దుల మీద సంతకాలు పెట్టేవారు. దీన్‌కూ విజ్ఞానానికీ మధ్య గోడ ఉందని మనకు చెప్పేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకుంటే బాగుంటుంది. ఆయన 1958 ఫిబ్రవరి 22న కన్నుమూశారు. సరిగ్గా పది రోజుల తరువాత, మార్చి 4న, దేశపు తొలి శాస్త్ర విధాన తీర్మానం వెలువడింది.

చట్టం మాత్రం మారడానికి చాలా కాలం పట్టింది. 1970లో చేసిన కొత్త పేటెంటు చట్టం 1972లో అమలులోకి వచ్చింది. దీని కిటుకు హలీం ఉదాహరణతో చెప్పవచ్చు. పాత చట్టం కింద ఒకరు హలీం వండితే, ఊళ్ళో మరెవరూ ఏ రకంగానూ హలీం వండకూడదు. కొత్త చట్టం కింద ఒకరు వండిన పద్ధతి వారిదే. కానీ మరొకరు వేరే పద్ధతిలో వండి అమ్ముకోవచ్చు. మందుల విషయంలో ఈ ఒక్క మార్పుతో రసాయన శాస్త్రవేత్తకు విలువ పెరిగింది. కొత్త దారి కనిపెట్టగలిగినవాడు మందు తయారు చేయగలడు. ఆ దారులు వెతకడానికి ప్రయోగశాలలు అప్పటికే ఉన్నాయి, దారి తెలిశాక పెద్ద ఎత్తున తయారు చేయడం నేర్చిన మనుషులు ఐడీపీఎల్‌లో ఉన్నారు. చట్టం వచ్చేసరికి మనుషులు సిద్ధంగా ఉండడమే ఇందులో అసలు సంగతి.

నష్టాల ఫ్యాక్టరీ

ఐడీపీఎల్ గురించి గొప్పలు మాత్రమే చెబితే అబద్ధమవుతుంది. మద్రాసు ఫ్యాక్టరీ చేసిన కత్తెరలూ కత్తులూ మన సర్జన్లకు నచ్చలేదు. మొత్తం సంస్థ ఏళ్ళ తరబడి నష్టాల్లో నడిచి 1992లో ఖాయిలా పడ్డ సంస్థగా తేలింది. లెక్కల పుస్తకం మాత్రమే చూసేవారికి అది ప్రజాధనం బూడిదలో పోసిన పన్నీరు.

అయితే ఆ ఫ్యాక్టరీ గేటు నుంచి బయటికి వచ్చిన మనుషులను లెక్కలోకి తీసుకుంటే? గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు పండించే రైతు కుమారుడు కె. అంజిరెడ్డి పుణెలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీలో డాక్టరేట్ చేశారు. అదీ సీఎస్ఐఆర్ సంస్థే. 1969లో హైదరాబాదు ఐడీపీఎల్‌లో చేరి ఆరేళ్ళు పని నేర్చుకున్నారు. బయటికి వచ్చి మరికొందరితో కలిసి ఒకటి రెండు కంపెనీలు పెట్టి, 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఆ కంపెనీ తొలి ఉత్పత్తుల్లో మిథైల్ డోపా ఒకటి, బీపీ మందు. గర్భిణులకు బీపీ వస్తే ఇప్పటికీ ఇచ్చే మాత్ర. మన కౌంటరు నుంచి కూడా పోతుంది. ఆయన ఒక్కరే కాదు. ఐడీపీఎల్‌లో పని నేర్చిన కెమిస్టులు, ఇంజనీర్లు, సూపర్‌వైజర్లు బాలానగర్, జీడిమెట్ల షెడ్లలో చిన్న చిన్న యూనిట్లు పెట్టారు. కొన్ని మూతపడ్డాయి, కొన్ని ప్రపంచమంతా తెలిసిన కంపెనీలయ్యాయి.

ఒక కంపెనీగా ఐడీపీఎల్ ఓడిపోయింది. ఒక బడిగా గెలిచింది. బడికి లాభనష్టాల పట్టిక ఎవరూ రాయరు కాబట్టి ఆ గెలుపు ఏ వార్షిక నివేదికలోనూ కనిపించదు. మేము ఈ మాట అంటే మా కోశాధికారి నవ్వి, "అలాగని నష్టాలన్నీ బడులే అనుకుంటారా?" అన్నారు. అనుకోం. నష్టపోయిన ప్రతి సర్కారు సంస్థా మనుషులను తయారు చేయలేదు. ఇది చేసింది.

అసలు ఇలాంటి లెక్క మనకు కొత్తది కాదు. కైరోలో సుల్తాన్ కలావూన్ 1284 ప్రాంతంలో కట్టించిన ఆస్పత్రికి వక్ఫ్ రాసినప్పుడు రోగుల మందులకే కాక, వైద్యం నేర్పే పనికి కూడా ఏర్పాటు చేశారు. రోగికి ఇచ్చే మందు ఆ రోజుతో అయిపోతుంది. నేర్పిన వైద్యం తరువాతి తరం రోగికి అందుతుంది. మనం సదఖా జారియా అనే మాటను ఎక్కువగా బోరుబావులకూ మసీదు కట్టుబడికీ వాడతాం. మనిషి చనిపోయాక కూడా ఆగని పుణ్యాల్లో పదిమందికి ఉపయోగపడే జ్ఞానం కూడా ఒకటని మన ఖతీబులు ఎన్నోసార్లు చెప్పగా విన్నాం.

ఎయిడ్స్ మందు కథ ఇంకొకటి. ఆ జబ్బుకు మొదట వచ్చిన మందు ఏజడ్‌టీ. విదేశంలో దాని ధర మన రోగులు కలలో కూడా కొనలేనిది. ఖ్వాజా అబ్దుల్ హమీద్ గారి కుమారుడు యూసుఫ్ హమీద్ అప్పటికి సిప్లాను నడుపుతున్నారు. ఆ మందు తయారీ పద్ధతి కావాలని ఆయన ఐఐసీటీని అడిగారు. గుంటూరు నుంచి వెళ్ళి ఆ సంస్థకు డైరెక్టరైన డాక్టర్ ఎ.వి. రామారావు బృందం ఆ పద్ధతిని తయారు చేసి ఇచ్చింది. 1993లో సిప్లా మందు విడుదల చేసింది. ఎనిమిదేళ్ళ తరువాత, 2001లో, మూడు మందులు కలిపిన చికిత్సను ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామని యూసుఫ్ హమీద్ వైద్య సేవా సంస్థలకు ప్రకటించారు. అంతకు ముందు అదే చికిత్సకు పెద్ద కంపెనీలు పది వేల డాలర్ల పైన తీసుకునేవి. ఆఫ్రికాలో ప్రాణాలు దక్కించుకున్న లక్షల మందికి తార్నాక ఎక్కడుందో తెలియదు.

హెపటైటిస్-బి టీకాది కూడా హైదరాబాదు కథే. విదేశాల నుంచి వచ్చే డోసు వందల రూపాయలు ఉండేది, ఒక బిడ్డకు మూడు డోసులు కావాలి. వరప్రసాద రెడ్డి గారు 1993లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టినప్పుడు పరిశోధన మొదట ఉస్మానియా యూనివర్సిటీలో, ఆపైన సీసీఎంబీలో సాగింది. అంటే బల్లలూ యంత్రాలూ ప్రజలవి. పెట్టుబడికి బ్యాంకులు ముందుకు రాని సమయంలో ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ డబ్బు పెట్టారు. కేంద్ర ప్రభుత్వం కొత్తగా ఏర్పాటు చేసిన టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు అప్పు ఇచ్చింది. 1997లో టీకా బయటికి వచ్చింది. డోసు ధర కొద్ది కాలంలోనే పదుల రూపాయల్లోకి దిగింది.

ఐదు చుక్కలకు ముప్పై ఏళ్ళు

సర్కారు పెట్టుబడి అంటే ఎంత ఓపిక కావాలో చెప్పడానికి రోటావైరస్ టీకాను మించిన ఉదాహరణ మాకు దొరకలేదు. పసిపిల్లలకు వచ్చే తీవ్రమైన విరేచనాలకు ఈ వైరస్ ముఖ్య కారణం. మన దేశంలో ఏటా దాదాపు 78 వేల మంది ఐదేళ్ళ లోపు పిల్లలు దీనితో చనిపోయేవారని అంచనా.

1985-86లో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె. భాన్ బృందం ఒక వింత గమనించింది. అప్పుడే పుట్టిన కొందరు పిల్లలకు ఈ వైరస్ సోకింది, కానీ జబ్బు చేయలేదు. పైగా ఆ పిల్లలు తరువాత కూడా తీవ్రమైన విరేచనాల బారిన పడడం తక్కువ. అయితే ఈ వైరస్‌నే టీకాగా మార్చవచ్చు కదా అన్నది వాళ్ళ ఆలోచన. దానికి 116ఇ అని పేరు పెట్టారు. ఆ ఆలోచన నుంచి బిడ్డ నోట్లో పడే చుక్కల దాకా రావడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. మధ్యలో ఎన్ని ప్రభుత్వాలు మారాయో లెక్క పెట్టుకోవచ్చు. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ వదలకుండా పట్టుకుంది, అమెరికా పరిశోధన సంస్థలూ విదేశీ దాతృత్వ సంస్థలూ కలిసి వచ్చాయి, హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారీ తలకెత్తుకుంది. ఢిల్లీ, పుణె, వెల్లూరులలో 6,799 మంది పసిపిల్లల మీద పరీక్షించారు. ఫలితాలు 2013లో వచ్చాయి. తీవ్రమైన జబ్బును సగానికి పైగా తగ్గించగలిగింది. నూటికి నూరు కాదు, అయినా పేద దేశాల్లో అది పెద్ద మేలు. డోసు ధర ఒక డాలరు. 2016లో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో మొదటి విడతగా చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు బిడ్డను అంగన్‌వాడీకో ఆస్పత్రికో తీసుకువెళ్ళే మన తల్లులు ఐదేసి చుక్కలు వేయించుకుని వచ్చేస్తారు. పైసా కట్టరు.

ఏ వ్యాపారి ముప్పై ఏళ్ళు ఆగుతాడు? తప్పు వ్యాపారిది కాదు. ఆగడం అతని పని కాదు.

చెయ్యి తీస్తే

పెన్సిలిన్‌కు పట్టిన గతి చూస్తే, పెట్టుబడి ఆపితే ఏమవుతుందో తెలుస్తుంది. 1990ల తరువాత చైనా నుంచి చవక ముడిసరుకు రావడంతో పింప్రీతో సహా మన పెన్సిలిన్ ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అమాక్సిసిలిన్ మాత్రలు మన కంపెనీలే చేస్తాయి కానీ దాని మూలమైన పెన్సిలిన్-జి మాత్రం బయటి నుంచి రావాలి. మనం దిగుమతి చేసుకునే ముడి మందుల్లో మూడింట రెండు వంతులు ఒక్క చైనావే. 2020లో కరోనాతో అక్కడి ఫ్యాక్టరీలు ఆగినప్పుడు ఢిల్లీలో అందరికీ భయం పుట్టింది. అదే ఏడాది ముడి మందుల తయారీని ప్రోత్సహించడానికి కేంద్రం 6,940 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. ఆ పథకం కింద అరబిందో ఫార్మా అనుబంధ సంస్థ కాకినాడ దగ్గర పెన్సిలిన్-జి ఫ్యాక్టరీ కట్టింది, 2024లో ఉత్పత్తి మొదలైంది. 1950ల్లో ఒకసారి కట్టింది మళ్ళీ కట్టుకోవాల్సి వచ్చింది.

ఇంకొక మచ్చ కూడా దాచకూడదు. మందుల ఫ్యాక్టరీల వ్యర్థ జలాలు పటాన్‌చెరు చుట్టుపక్కల చెరువులనూ పొలాలనూ పాడు చేశాయి. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షిస్తే సిప్రోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్స్ ఊహించనంతగా ఉన్నాయి. చవక మందుకు ఆ ఊళ్ళ రైతులు తమ వంతు ధర కట్టారు. పరిశోధనకు ఖర్చు పెట్టిన సర్కారు కాపలాకు పెట్టలేదు.

ఇప్పటి లెక్క చూద్దాం. దేశం మొత్తం ఆదాయంలో పరిశోధనకు పెడుతున్నది 2020-21 లెక్కల ప్రకారం 0.64 శాతం. చైనా రెండున్నర శాతం దగ్గర ఉంది, దక్షిణ కొరియా ఐదు శాతానికి చేరువలో ఉంది. ఆ దేశాల్లో పరిశోధన ఖర్చులో నాలుగింట మూడు వంతులు కంపెనీలే పెడతాయి. మన దగ్గర ప్రైవేటు వాటా 36 శాతం మాత్రమే. కంపెనీలు పెట్టాలని ప్రభుత్వం అనడంలో న్యాయం ఉంది. 2023లో చట్టం చేసి తెచ్చిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌కు ఐదేళ్ళలో 50 వేల కోట్లు అన్నారు, అందులో ఎక్కువ భాగం ప్రభుత్వం వెలుపలి నుంచి రావాలని ఆశ. ఆశ నెరవేరితే సంతోషమే. మా భయమల్లా ఒకటే. వాళ్ళు పెడతారని వీళ్ళు, వీళ్ళు పెడతారని వాళ్ళు ఎదురు చూస్తూ ఉంటే మధ్యలో చదువుకునే పిల్లలు ఏమవుతారు?

మన పిల్లల సంగతి

ఉన్నత విద్య మీద కేంద్రం చేసే సర్వే ప్రకారం 2020-21లో దేశంలోని కళాశాల విద్యార్థుల్లో ముస్లింలు 4.6 శాతం. జనాభాలో మన వాటా 14 శాతం పైన. పైగా అంతకు ముందు ఏడాది కంటే సంఖ్య తగ్గింది. మైనారిటీ పరిశోధక విద్యార్థుల కోసం 2009లో మొదలైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి ఆపేస్తున్నట్టు ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. ఇలాంటివే ఇతర ఫెలోషిప్పులు ఉన్నాయి, మన పిల్లలు వాటికి అర్హులే అన్నది వారు చెప్పిన కారణం. అర్హులే, నిజం. నెట్ పరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకుని జేఆర్ఎఫ్ సాధిస్తే 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు. ఆ ర్యాంకు అందనివారికి కేంద్ర విశ్వవిద్యాలయాల్లో ఇచ్చేది నెలకు 8 వేలు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలామందికి అది కూడా ఉండదు.

జేఆర్ఎఫ్ వచ్చినా కష్టం తీరదు. చేరిన వెంటనే డబ్బు రాదు. కాగితాలు తిరగాలి, ఖాతా అనుసంధానం కావాలి, ఒక్కోసారి నాలుగైదు నెలల బకాయి ఒకేసారి పడుతుంది. స్థోమత ఉన్న ఇంటి పిల్లలు ఆ నెలలు తండ్రి డబ్బుతో గడిపేస్తారు. మన పిల్లలు ఆ నెలల్లోనే మానేస్తారు.

మా అనుభవం ఒకటి చెప్పుకోక తప్పదు. కొన్నేళ్ళ కిందట ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తి చేసిన ఒక అమ్మాయి మనకు అర్జీ పెట్టుకుంది. తండ్రి మెకానిక్. పరిశోధనలో సీటు వచ్చింది, ఫెలోషిప్ డబ్బు వచ్చేదాకా హాస్టలుకూ భోజనానికీ సాయం కావాలని రాసింది. మన నియమాల్లో స్కాలర్‌షిప్ డిగ్రీ వరకే ఉంది. సమావేశంలో మాలో ఒకరు "పీజీ దాకా చదివింది, ఇక ఉద్యోగం చూసుకోవచ్చు గదా" అన్నారు, మిగతావాళ్ళం తల ఊపాం. అదే సమావేశంలో రంజాన్ కిట్ల సంఖ్య పెంచాం. ఆ అమ్మాయి పరిశోధనలో చేరలేదని, ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా కుదిరిందని తరువాత విన్నాం. టీచరు ఉద్యోగం చిన్నదని కాదు. ఆమె అడిగింది దానం కాదు, కొన్ని నెలల గడువు. మేము ఆ తేడా చూడలేకపోయాం.

అందుకే ఈ ప్రతిపాదన. పరిశోధనశాలలు కట్టడం మన వల్ల అయ్యే పని కాదు, అది ప్రభుత్వమే చేయాలి, చేయమని గట్టిగా అడగాలి. మన వల్ల అయ్యేది ఒకటుంది. సర్కారు డబ్బు చేతికి అందేదాకా విద్యార్థి నిలబడేందుకు ఖర్జె హసనా ఇవ్వవచ్చు. వడ్డీ ఉండదు. ఫెలోషిప్ మంజూరు ఉత్తరువు చూపిస్తే హాస్టలు, భోజనం ఖర్చు నెల నెలా ఇస్తాం, బకాయి పడ్డాక తిరిగి కడతారు. ఆ డబ్బే మరొకరికి పోతుంది. జకాత్ సొమ్మును అప్పుగా ఇవ్వడం కుదరదని, అది అర్హుడి సొంతం చేయాల్సిందేనని మేము సంప్రదించిన ఉలమాలు చెప్పారు. కనుక దీనికి లిల్లా నిధి నుంచి మాత్రమే తీస్తాం, వేరే ఖాతా పెడతాం, లెక్క వచ్చే ఏడాది సంచికలో అచ్చవుతుంది. మందుల కౌంటరు నిధిలో ఒక్క రూపాయి కూడా ఇటు తిప్పం.

ఫెలోషిప్ లేకుండానే పరిశోధన చేస్తున్నవారిని ఏం చేయాలన్నది మా మధ్య ఇంకా తేలలేదు. వారు తిరిగి కట్టేది ఎక్కడి నుంచి? అప్పు భారం వారి మీద మోపవచ్చా? లేక పేదరికాన్ని బట్టి జకాత్ కిందే సాయం చేయాలా? షవ్వాల్ నెలలో జరిగే సర్వసభ్య సమావేశంలో ఇది మొదటి అంశంగా పెట్టాం. దాతలు స్వయంగా వచ్చి మాట్లాడాలని కోరుతున్నాం.

ఆ అమ్మాయి అర్జీ ఇప్పటికీ మా ఫైల్లో ఉంది. అందులో ఇచ్చిన ఫోన్ నంబరు పని చేయడం లేదు, వాళ్ళు ఇల్లు కూడా మారినట్టున్నారు. ఈ నాలుగు మాటలు చదివి తన సంగతేనని గుర్తుపడితే, ఇప్పటికీ చదవాలని ఉంటే, ఏ శుక్రవారమైనా అస్ర్ లోపు ఆఫీసుకు రావలసిందిగా ఆమెకు మా విన్నపం.